మారిషస్‌కు మోసిన ఒడిబియ్యం

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మా డాబా మీద, నీళ్ల ట్యాంకు వెనక నిలబడి, స్విచ్చాఫ్ చేసిన ఫోన్ చెవికి ఆనించుకుని, నేను మా సరోజ అత్తమ్మతో మాట్లాడేదాన్ని. ఇంటర్ చదివేటప్పటి నుంచీ అలవాటు. కాలేజీలో ఏమైందో, ఏ పుస్తకం చదివి ఏడ్చానో, మా అమ్మ, అదే అవ్వ, నన్ను ఎందుకు తిట్టిందో అన్నీ చెప్పేదాన్ని. అవతల అత్తమ్మ ఉండేది కాదు కనుక చాలా ఓపికగా వినేది.

నిజంగా అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు మాత్రం నాకు నోరు పెగిలేది కాదు. మా నాన్నను బాపు అంటాం. ఆయన రెండు చేతులూ ఎప్పుడూ కుట్టుమిషన్ మీద ఉంటాయి కాబట్టి ఫోన్ ఎత్తేది నేనే. "హలో, మౌనికా?" అనేది అత్తమ్మ. "ఆగు అత్తమ్మా, బాపుకిస్తున్న" అనేదాన్ని. ఏళ్ల తరబడి మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు ఇవే. మౌనిక అని నాకు పేరు పెట్టింది ఆమేనట. పేరుకు తగ్గట్టే తయారయ్యావని చుట్టాలు నవ్వుతుంటారు.

హుజూరాబాద్: మూట కట్టడం

అత్తమ్మ బాపుకు చిన్న చెల్లెలు. హుజూరాబాద్‌లో మా టైలర్ దుకాణంలోనే బాపు దగ్గర కుట్టుపని నేర్చుకుని, మారిషస్‌లో బట్టల ఫ్యాక్టరీకి పనికి వెళ్లింది. అక్కడే గోపాల్ మామను పెళ్లి చేసుకుంది. మామ కూడా తెలుగువాడే, కానీ ఆ దీవి తెలుగువాడు. ఆయన ముత్తాతలు ఎప్పుడో చెరకు కోయడానికి ఓడలో వెళ్లి అక్కడే ఉండిపోయారు. పెళ్లయ్యాక గానీ అత్తమ్మ మాకు చెప్పలేదు. "మాకు చెప్పకుంట చేస్కున్నవు. ఇగ మాతోని నీకేం పని?" అని బాపు అన్నాడు. ఆ తర్వాత పండగలకు ఫోన్లు నడిచాయి గానీ, వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి తప్ప ఇద్దరూ ఇంకేం మాట్లాడుకోలేదు.

పోయిన ఏడు గోపాల్ మామ మా ముగ్గురికీ టికెట్లు పంపాడు. అవ్వ వెంటనే బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

మా వైపు, పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు కొన్నేళ్లకోసారి ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, కొత్త చీర, రవికె. ఆడపిల్ల పీట మీద కూర్చుని కొంగు పరుస్తుంది, ముత్తైదువలు దోసిళ్లతో ఒడి నింపుతారు. చెన్నూరులో ఉన్న మా పెద్దత్తకు చాలాసార్లు పోశాం. సరోజ అత్తమ్మకు ఒక్కసారీ పోయలేదు.

ఈసారి ఒడిబియ్యం తెస్తున్నామని అత్తమ్మకు అవ్వ ఫోన్‌లో చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. స్పీకర్‌లో అత్తమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది.

"రండ్రి వదినె. పది దినాలుండి పోండ్రి. గని ఒడిబియ్యం మాత్రం తేకుండ్రి. నేను ఒడి పట్ట."

"అట్లంటవేందే సరోజా?"

"మరేమనాలె? అక్కకు పోసినప్పుడల్ల ఫోటోలు పంపిండ్రు. నాకు ఫోటోలే పోసిండ్రు. చాలు."

అవ్వ ఫోన్ పెట్టేసింది. తర్వాత చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ముంగట పెడితె ఎవలన్న వద్దంటరా?" అని తనకు తానే చెప్పుకుంది. బాపు మిషన్ మీదే ఉన్నాడు. ఆ రోజు అత్తమ్మ రవికె కుడుతున్నాడు. కొలతలెక్కడివని నేను అడగలేదు. మా దుకాణంలో బాపు ఎవరి కొలతలూ రాసుకోడు, అన్నీ తలలోనే ఉంటాయి.

విమానాశ్రయం: తినడానికా, నాటడానికా?

విమానంలో అవ్వ బియ్యం మూటను ఒళ్లోంచి దించలేదు. కాళ్ల దగ్గర పెట్టుకొమ్మని విమానంలో పనిచేసే పిల్ల నవ్వుతూ చెప్పింది. అవ్వ కూడా నవ్వుతూ, "కాళ్లకాడ పెట్టేటియి కావు బిడ్డా" అని తెలుగులోనే చెప్పి మూటను ఇంకా గట్టిగా పట్టుకుంది. చివరికి పైన అరలో పెట్టించి, దిగేదాకా మెడ ఎత్తి ఆ అరనే చూస్తూ కూర్చుంది. కింద సముద్రం ఎన్ని నీలాలు మార్చిందో చూసింది నేనూ బాపూనే.

మారిషస్‌లో దిగాక తెలిసింది, ఆ దీవిలోకి బయటి గింజ, దుంప, ఆకు ఏదీ ఊరికే రానివ్వరని. అలాంటివన్నీ బల్ల మీద పెట్టి చూపించాలి. సన్నగా, మర్యాదగా ఉన్న ఒక ఆఫీసరు మా మూట విప్పి, పచ్చని బియ్యం చూసి, పసుపుకొమ్ము ఒకటి పైకెత్తి, ఇవి తినడానికా, నాటడానికా అని ఇంగ్లిష్‌లో అడిగాడు.

"ఏమడుగుతుండే?" అంది అవ్వ.

చెప్పాను.

"రెండూ కాదు, ఒడిల పోసేటందుకు అని చెప్పు."

ముగ్గురిలో ఇంగ్లిష్ వచ్చింది నాకే. వచ్చు అంటే చదవడం వచ్చు. నా జీవితంలో ఇంగ్లిష్‌లో ఒక మనిషితో పట్టుమని నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఒళ్లో బియ్యం పోయడం అని చెప్పగానే ఆ ఆఫీసరు కనుబొమలు పైకి లేచాయి. ఎందుకు అని అడిగాడు. అక్కడ మొదలుపెట్టాను. వెనక వరసలో జనం ఉన్నారు, ముందు పరాయి మనిషి ఉన్నాడు, అయినా మాట ఆగలేదు. అత్తమ్మ సంగతి చెప్పాను. బాపు సంగతి చెప్పాను. మా బాపమ్మ, అంటే బాపు తల్లి, రెండేళ్ల కిందట పోయింది. ఆమె అత్తమ్మ కోసం ఇంట్లో ఒక మూట విడిగా కట్టి ఉంచేదని కూడా చెప్పాను. ఇక ముందెన్నడూ కలవని మనిషికి చెప్పడం ఇంత తేలికని నాకు అప్పుడే తెలిసింది.

ఆఫీసరు మొత్తం విన్నాడు. పక్క బల్ల ఆయన్ని కూడా పిలిచి వినిపించాడు. తర్వాత మా బియ్యాన్ని, పసుపుకొమ్ముల్ని, కుడుకల్ని ఒక పెద్ద కవర్లో పోసి మూతి బిగించాడు. కథ చాలా బాగుంది, కానీ బియ్యం మాత్రం లోపలికి రాకూడదు అన్నాడు. సకినాలు, గరిజెలు, మామిడి తొక్కు పచ్చడి వదిలేశాడు. వండినవి కదా.

"ఏం చేస్తరట?" అంది అవ్వ, కవరు వంకే చూస్తూ.

కాల్చేస్తారట. అది నేను తెలుగులోకి మార్చలేదు. "భద్రంగ పెడ్తరట" అన్నాను. ఇది చదివితే అవ్వకు ఇప్పుడే తెలుస్తుంది.

అవ్వ ఆఫీసరు వైపు తిరిగి, "కాళ్లు తగలనియ్యకు కొడుకా. జర పైన పెట్టు" అంది. ఆయనకేం అర్థమైందో గానీ, కవరు తీసుకుపోయి బీరువాలో అన్నిటికంటే పై అరలో పెట్టాడు.

బాపు బయటికి నడుస్తూ, "గంతసేపు ఏం చెప్పినవే వానికి?" అన్నాడు. "ఊరికెనే" అన్నాను. నేను అంతసేపు మాట్లాడగలనని మా బాపుకు అంతకుముందు తెలియదు. నన్ను కొంచెం అనుమానంగా చూశాడు.

బయట అత్తమ్మ నిలబడి ఉంది. ఫోటోల్లో కంటే లావుగా ఉంది, పొట్టిగా ఉంది, జుట్టు కత్తిరించుకుంది. నన్ను చూసి, "ఓయమ్మో, గింత పొడుగైనవా?" అంది. ఎన్నేళ్లుగానో దాచుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. "ఊఁ" అన్నాను.

గోపాల్ మామ చేతులు జోడించి బాపుతో, "స్వాగతము. మీ ప్రయాణము సుఖముగా సాగినదా?" అన్నాడు. ఆయన తెలుగంతా ఊరి సాయంకాలపు బడిలో, పాఠ్యపుస్తకాల్లోంచి నేర్చుకున్నది. బాపు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరితోనైనా అంటున్నాడేమోనని.

కారులో అవ్వ మెల్లగా ఎత్తింది. "సరోజా, ఏమనుకోకు. బియ్యం తెచ్చినం గని గుంజుకున్నరు."

"నేను తేకుండ్రి అన్న. మీరు ఇనలే. గా ఆఫీసరు ఇన్నడు" అని అత్తమ్మ పకపకా నవ్వింది. కానీ చీర, రవికె ఉన్న సంచి ఒళ్లో పెట్టబోతే మాత్రం, "డిక్కీల పెట్టు వదినె" అంది.

అత్తమ్మ ఊరు: బోంజూర్ బాధ

అత్తమ్మ ఉండేది దీవికి దక్షిణాన, చెరకు తోటల మధ్య ఒక చిన్న ఊర్లో. చెరకు తోటల నడుమ అక్కడక్కడా నల్లరాళ్ల గుట్టలు. మనిషి పేర్చినట్టు తీరుగా ఉన్నాయి.

"గీ రాళ్లు ఎవలు కుప్పేసిండ్రు?" అని బాపు అడిగాడు.

"మా పూర్వులు" అన్నాడు మామ. "నేలలోనుండి ఏరి, మోసి, పేర్చినారు. తరువాత చెరకు నాటినారు."

బాపు ఆ తర్వాత కిటికీ అద్దం దించుకుని చాలా దూరం ఆ గుట్టల్నే చూశాడు. అప్పటిదాకా మామను "ఆయన" అంటున్నవాడు, కారు దిగేటప్పుడు "బావా, జర తలుపు తియ్యి" అన్నాడు.

ఆ ఊర్లో నాకు ఒక పెద్ద కష్టం వచ్చిపడింది. వాకిట్లోకి వస్తే బోంజూర్. కొట్టుకు పోతే బోంజూర్. బస్సెక్కితే డ్రైవరుకు, కండక్టరుకు, మొదటి సీటు ముసలమ్మకు బోంజూర్. మా హుజూరాబాద్‌లో ఎదురుపడ్డవాళ్లు "ఏడికి?" అంటారు, "గిట్లనే" అంటే సరిపోతుంది. కొత్త మనిషైతే అదీ అనక్కర్లేదు. ఇక్కడ ముఖం కూడా తెలియనివాళ్లకు నవ్వుతూ ముందుగా పలకరింపు చెప్పాలి. నేను మొదటి రోజు దగ్గు నటించాను, రెండో రోజు చెప్పు బాగు చేసుకుంటున్నట్టు వంగాను. అవ్వ మాత్రం కోడిపిల్లలకు గింజలు చల్లినట్టు అందరి మీదా బోంజూర్లు చల్లుకుంటూ పోయింది.

సముద్రం నడిచేంత దూరంలోనే ఉంది. బాపుకు నీళ్లంటే గోదావరి. చెన్నూరు దగ్గర గోదావరిలో దిగినట్టే ధీమాగా లుంగీ పైకి కట్టి దిగాడు. ఒక అల వచ్చి ఆయన ఎడమకాలి చెప్పు తీసుకుపోయింది. ఇంకో అల తెచ్చిస్తుందని చాలాసేపు చూశాడు. "గోదారైతె గిట్ల చెయ్యది" అన్నాడు చివరికి.

"గోదారైతె చెప్పులేసుకుని దిగుతవా?" అంది అత్తమ్మ.

"నువ్వు చిన్నప్పుడు నా రెండు చెప్పులు గోదాట్ల పారేసినవ్ గదనే!"

"ఒక్కటే. ఇంకోటి నువ్వే పారేస్కున్నవు."

ఇద్దరూ నవ్వారు. వానలు, మోకాళ్లు కాకుండా వాళ్లు ఇంకో సంగతి మాట్లాడుకోవడం నేను చూసింది అదే మొదలు. అవ్వ ఇదే సందని, "ఇంటికి పోయినంక చీర చూస్తవా సరోజా?" అంది. అత్తమ్మ నవ్వు ఆపి, ఇసుక దులుపుకుంటూ లేచింది.

మాహెబూర్: సోమవారం సంత

మాహెబూర్ సోమవారం సంత మన అంగడిలాగే ఉంటుంది. టార్పాలిన్ల కింద కూరగాయల కుప్పలు, అరుపులు, తొక్కుడు. పెద్ద పెనం మీద కాల్చిన ధోల్ పురి అనే పప్పు రొట్టెలు, మధ్యలో బీన్సు కూర, పచ్చి కారం. జత ముప్పై రూపాయలు. అక్కడి రూపాయి మన రూపాయికి దాదాపు రెట్టింపు కనుక బాపు మొదటిది మెల్లగా, లెక్కేసుకుంటూ తిన్నాడు. రెండోది లెక్క మరిచిపోయి తిన్నాడు. గాతో పిమా అని గొప్పగా చెప్పి మామ కొనిపెట్టినవి మన పప్పు గారెలే. "గింత దూరమొచ్చి గారెలు తినుడా?" అంటూనే అవ్వ పొట్లం మొత్తం ఖాళీ చేసింది. అనాసపండును పువ్వులా చెక్కి, చింతపండు, ఎర్రకారం పూసి పుల్లకు గుచ్చి ఇస్తారు. "గీళ్లకు కారమంటె ఎరుకే" అని ఆ దేశాన్ని అవ్వ అక్కడే ఒప్పుకుంది.

బేరంలో అవ్వకు భాష అడ్డం కాలేదు. వంకాయల ఆవిడ అక్కడి క్రియోల్ భాషలో ఒక ధర చెప్పింది. అవ్వ తెలుగులో ఇంకో ధర చెప్పి నడక సాగించింది. ఆవిడ వెనక్కి పిలిచింది. వెనక్కి పిలిచే గొంతు ఏ దేశంలోనైనా ఒకటేలా ఉంటుందనుకుంటాను.

తిరిగొచ్చేటప్పుడు బియ్యం కొట్టు ముందు అవ్వ ఆగింది. అత్తమ్మ చూసింది. "వదినె, ఇంట్ల బియ్యమున్నయి" అంది. అది కోపంగా అనలేదు. మెత్తగా అంది. అందుకే అవ్వ కొట్టు దాటి నడిచింది.

షమారెల్: టికెట్ పెట్టిన మట్టి

షమారెల్‌లో ఏడు రంగుల మట్టి ఉంది. ఎరుపు, గోధుమ, ఊదా, నీలం కలిసిన మెరకలు, చుట్టూ పచ్చని అడవి. చూడ్డానికి టికెట్. "మట్టి సూసుటానికి పైసలా? మా దిక్కు ఊరికెనే దొరుకుతది, కాళ్లకు గూడ అంటుతది" అన్నాడు బాపు. ఒక్క రంగులో దొరుకుతుంది అన్నాడు మామ. "వివిధ వర్ణములలో దొరకదు కదా బావా!" బాపు కాసేపు ఆలోచించి, ఆదిలాబాద్ దిక్కు నల్లది, మా దిక్కు ఎర్రది, రెండు వర్ణాలున్నయని వాదించాడు. ఆ సాయంత్రానికి బాపు కూడా "వర్ణము", "సుఖము" అంటూ తిరగడం మొదలుపెట్టాడు.

బయట చిన్న గాజు గొట్టాల్లో ఆ మట్టినే పొరలు పొరలుగా నింపి అమ్ముతున్నారు. అవ్వ ఒకటి పట్టుకుని చాలాసేపు తిప్పి చూసింది. "మన బియ్యం వాళ్లు రానియ్యలే. వాళ్ల మట్టి మనం తీస్కపోవచ్చునా?" అంది. గొట్టం తిరిగి పెట్టేసింది.

వాన రోజు: ఖాళీ మిషన్

మరుసటి రోజు పొద్దున్నుంచీ వాన. మామ పనికి వెళ్లాడు. అత్తమ్మ ఫ్యాక్టరీ మానేసి చాలా రోజులైంది. ఇంట్లోనే మోటారు మిషన్ పెట్టుకుని ఊరి పిల్లల బడి దుస్తులు కుడుతుంది. ఆ మిషన్ దారం తెంపుతోంది. బాపు అంతవరకూ వరండాలో కూర్చుని ఆ చప్పుడు వింటూ ఇబ్బంది పడుతున్నాడు. చివరికి ఉండబట్టలేక లోపలికి వచ్చి, మిషన్ పక్కకు వంచి, బాబిన్ డబ్బీ విప్పి ఊదాడు.

"నూనె ఎయ్యవా?"

"నువ్వు మిషన్ నేర్పినవు గని నూనె ఎయ్యుడు నేర్పలే."

"నేర్పిన. నువ్వే ఇనలే."

నూనె వేసి, తిప్పి చూసి, మళ్లీ వరండాలోకి వెళ్లిపోయాడు. అత్తమ్మ కుట్టడం మొదలుపెట్టింది. కుట్టిన గుడ్డ కింద పడకుండా నేను అటు చివర పట్టుకుని కూర్చున్నాను. మూలన మంచం మీద చీర, రవికె ఉన్న సంచి ఇంకా విప్పకుండానే ఉంది. మూడు రోజుల్లో మా తిరుగు ప్రయాణం.

మిషన్ గట్టిగా మోగుతోంది. ఆ మోతలో నా గొంతు నాకే సరిగా వినిపించదు. డాబా మీద ట్యాంకు వెనక నిలబడ్డట్టే ఉంది. అత్తమ్మ కూడా నా వంక చూడడం లేదు, సూది వంక చూస్తోంది.

"ఒడిబియ్యం నీకు రాలేదని కాదు అత్తమ్మా" అన్నాను. "వచ్చినయి. నేను తిన్న."

అత్తమ్మ తలెత్తలేదు. కాలు పెడల్ మీదే ఉంది. మిషన్ నడుస్తూనే ఉంది. నేను చెప్పుకుంటూ పోయాను. పెద్దత్తకు పోసిన ప్రతిసారీ బాపమ్మ ముందుగా చాటలోంచి ఒక దోసెడు విడిగా తీసేది. ఆమె ముత్తైదువ కాదు కనుక పోయడానికి ముందుకు వచ్చేది కాదు, తలుపు వెనక కూర్చునేది. ఆ దోసెడు బియ్యం తన పాత చీర ముక్కలో కట్టి, "ఇవి సరోజయి" అని దూలానికి వేలాడదీసేది. ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. మళ్లీ కొత్తవి పోసే ఏడు, పాత మూట విప్పి పరమాన్నం వండి, నన్ను పిలిచి తినిపించేది. "నువ్వు తింటె మీ అత్త తిన్నట్టే" అనేది. ఆఖరి మూట బాపమ్మ పోయాక కూడా దూలానికి అలాగే ఉంది. అవ్వ దాన్నే ఈ బియ్యంలో కలిపి కట్టింది. విమానాశ్రయంలో ఆఫీసరు దగ్గర ఉండిపోయిన వాటిలో అవీ ఉన్నాయి. ఈ సంగతి బాపు చెప్పడు. అవ్వ చెబితే ఏడుస్తుంది. ఫోన్‌లో చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను గానీ...

వరండాలోంచి బాపు అరిచాడు. "ఏందే సరోజా! ఖాళీ మిషన్ నడిపిస్తున్నవు? దారం చిక్కువడ్తది!"

అప్పుడు చూశాను. సూది కింద గుడ్డ లేదు. కుట్టాల్సింది ఎప్పుడో అయిపోయింది. చివర పట్టుకున్న గుడ్డ మొత్తం నా ఒళ్లోనే పడి ఉంది. చప్పుడు ఆగితే నేనూ ఆగిపోతానని అత్తమ్మ ఉత్త మిషన్ నడుపుతోంది.

"నడువనీ అన్నా, జర పనున్నది" అంది అత్తమ్మ. కాలు తీయలేదు. నాతో, "చెప్పు. ఇంకేమంటుండె మా అవ్వ?" అంది.

వాన తగ్గేదాకా చెప్పాను. మధ్యలో బాపు రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి, మిషన్‌నూ మా ఇద్దర్నీ చూసి, వరండాలోకి వెళ్లిపోయాడు.

ఒడి

మర్నాడు పొద్దున నేను లేచేసరికి సంచి విప్పి ఉంది. అత్తమ్మ రవికెను తిరగేసి, బ్లేడుతో పక్క కుట్లు విప్పుతోంది. బాపు కుట్టింది ఆమె ఊరు విడిచిన నాటి కొలతలకు. ఒక చెయ్యి కూడా దూరలేదట. కానీ పక్కల్లో, భుజాల దగ్గర, చేతుల మడతల్లో, లోపలంతా వెడల్పుగా గుడ్డ మడిచి వదిలాడు. మామూలుగా బాపు అంత గుడ్డ వదలడు. వదిలితే వంకర పోతుందని పనివాళ్లను కోప్పడతాడు.

"నేను గింత లావైత అని మీ బాపుకు ముందే ఎరుకున్నట్టున్నది" అంది అత్తమ్మ గట్టిగా, వరండాలోకి వినపడేలా.

"కుట్టేటోనికి ఆ మాత్రం ఎరుకుంటది" అన్నాడు బాపు, ఇటు తిరగకుండానే.

అత్తమ్మ ఒక కుట్టు విప్పి, ఇంకొకటి విప్పి, బ్లేడు పక్కన పెట్టింది. "వదినె" అని పిలిచింది. "ఇంట్ల బియ్యం సరిపోవు. కొట్టుకు పోయి తేండ్రి."

అవ్వ చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బయల్దేరింది. బాపూ నేనూ వెంట పరుగెత్తాం. కొట్లో బాపు ఏ బియ్యం చూపించినా వంక పెట్టాడు. ఇవి నూకలు, అవి మరీ పొడుగు, ఇంకొకటి పాతవి. చివరికి ఒక సంచి ఆయనకు నచ్చింది. దాని మీద ఏం రాసుందో చదవమన్నాడు. ఇండియా నుంచి వచ్చినవని రాసి ఉంది.

బాపు నడుము మీద చెయ్యి పెట్టుకుని సంచి వంక చూశాడు. "మనం మోస్కస్తె గుంజుకున్నరు. వీళ్లే ఓడల తెచ్చి అమ్ముతుండ్రు!"

"ఏదైతేంది, మన దేశపు బియ్యమే" అని అవ్వ సంచిని అక్కడే కళ్లకు అద్దుకుంది. కొట్టు యజమానురాలు చీనా వంశపు ఆవిడ, అందరూ మదాం లీ అంటారు. బియ్యాన్ని కళ్లకు అద్దుకుని కొనేవాళ్లను ఆమె మొదటిసారి చూసిందట. ఏమిటి విశేషమని అడిగింది. చెప్పాను. బోంజూర్ కూడా ముందే చెప్పాను. తానూ వస్తానంది.

అవ్వకు ఇంకో పరేషాన్ పట్టుకుంది. ఒడిబియ్యం పోయడానికి అయిదుగురు ముత్తైదువలు కావాలి. అవ్వ ఒకరు. మదాం లీ ఒకరు. ఎదురింటి మరీ అని ఆఫ్రికా మూలాల క్రియోల్ ఆవిడ, చర్చికి వేసుకునే మంచి గౌను వేసుకుని వచ్చింది. పక్కింటి శాంతమ్మ బీహార్ మూలాల భోజ్‌పురి మనిషి, ఆమెకు సగం సంగతి చెప్పకుండానే తెలిసిపోయింది. నలుగురయ్యారు. అయిదో మనిషి కోసం అవ్వ గేటు దగ్గర నిలబడి రోడ్డు మీద పోయే ఆడవాళ్ల మెళ్లు చూడటం మొదలుపెట్టింది.

"లోపటికి రా వదినె" అంది అత్తమ్మ. కొత్త చీర కట్టుకుంది, విప్పి కుట్టిన రవికె చక్కగా సరిపోయింది. పీట మీద కూర్చుని కొంగు పరిచింది. "అయిదోది మౌనిక పోస్తది."

"పెండ్లి గాని పిల్ల పోసుడేందే?" అవ్వ అదిరిపడింది. "చెన్నూరుల తెలిస్తె ఇంకేమన్నున్నదా?"

"చెన్నూరుకెవలు చెప్పొస్తరు? మా అవ్వ తీసిపెట్టిన బియ్యం ముచ్చట తెచ్చింది గీ పిల్లనే. గిదే పొయ్యాలె."

అవ్వ బాపు వంక చూసింది. "పొయ్యనియ్యవే" అన్నాడు బాపు. ఆ తర్వాత ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడి, తెర అంచు కుట్టును చాలా శ్రద్ధగా పరీక్షించాడు.

గౌను ఆవిడ మొదట ఒక గింజ నోట్లో వేసుకోబోయింది, శాంతమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. మదాం లీ కొట్లో తూకం వేసినంత జాగ్రత్తగా పోసింది. నా వంతు వచ్చేసరికి అత్తమ్మ ఒడి సగం పైన నిండింది. దోసిలి సరిగా ఒంచక సగం గింజలు నేల మీద పోశాను. "ఒంచు, ఇంకా ఒంచు" అంది అత్తమ్మ. గోపాల్ మామ పక్కన నిలబడి, "శుభము, శుభము" అంటూ ఫోటోలు తీశాడు. చెన్నూరుకు ఆ ఫోటోల్లో నేను లేనివి మాత్రమే పంపాలని అవ్వ అక్కడికక్కడే తీర్మానించింది.

ఒడి నిండాక ఆడపిల్ల అందులోంచి కాసిన్ని పుట్టింటికి తిరిగి ఇవ్వడం మా ఇంటి పద్ధతి. అత్తమ్మ ఒక దోసెడు తీసి నా చున్నీలో పోసింది. "మళ్ల గా ఆఫీసరు కండ్ల వడితె?" అని అవ్వ భయపడింది. అందుకని ఆ మధ్యాహ్నమే పరమాన్నం వండారు. మొదటి గిన్నె నా ముందు పెట్టి అత్తమ్మ అంది.

"తిను. నా వాటా తినుడు నీకు అలవాటే గదా."

తిరుగు దారి

విమానాశ్రయంలో అవ్వ నా చెయ్యి లాగింది. "మన బియ్యం గా ఆఫీసరు కాడ ఉన్నయి గదా, ఒకసారి అడుగు. సరోజకు ఇచ్చి పోదాం." ఆ ఆఫీసరు లోపలికి వచ్చేవాళ్ల వైపు ఉంటాడు, బయటికి పోయేవాళ్లకు కనిపించడు అని ఎలాగో నచ్చజెప్పాను. అటువైపు చూసి అవ్వ ఒక దండం పెట్టింది.

బాపు, మామ ఒకరికొకరు ఎంతో గౌరవంగా వీడ్కోలు చెప్పుకున్నారు. "సుఖముగా వెళ్లి రండి" అన్నాడు మామ. "మంచిది బావా, మీరు గూడ సుఖముగా ఉండుండ్రి" అన్నాడు బాపు. అత్తమ్మ బాపు చొక్కా కాలరు సరిచేసింది. కొత్తగా కొన్న చెప్పుల్లో ఎడమది వదులుగా ఉందని తిట్టింది.

తర్వాత నా దగ్గరికి వచ్చింది. నేను ఏదైనా చెప్పాలని నోరు తెరిచాను. అక్కడ మిషన్ చప్పుడు లేదు. ఏమీ రాలేదు. అత్తమ్మ నా చున్నీ కొసకు అంటుకున్న పసుపు బియ్యపు గింజ ఒకటి గిల్లి తీసి, తన కొంగున ముడి వేసుకుంది.

"ఇగ నేను ఫోన్ చేస్తె మీ బాపుకియ్యకు" అంది. "నువ్వే మాట్లాడు. అవసరమైతె నేను గీడ మిషన్ పెడ్త."